మెడ వెనక కుచ్చు

ఆ బట్టలు మా ఊరికి అమ్ముడుపోని సరుకుగా వచ్చాయి. తిరుప్పూరు మిల్లుల్లో అమెరికా వాళ్ల కోసం కుట్టినవి, కుట్టు వంకర పోయిందనో రంగు తేలిందనో వాళ్లు వద్దన్నవి, మూటలుగా వచ్చి చిత్తూరు పాత బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద కుప్ప పడేవి. ఒక్కో చొక్కాలో మా ఊరి మనుషులు ఇద్దరు పడతారు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పనికి పోయే కుర్రవాళ్లు చవక కదా అని అవే కొనుక్కునేవాళ్లు. భుజం కుట్టు మోచేతి దాకా జారేది. వేళ్లు మునిగిపోయేవి. కొన్న రోజే నా దుకాణానికి తెచ్చి, "అన్నా, నా ఒంటికి తగ్గించు" అనేవాళ్లు.

కొన్నాళ్లకు ఆ మాట మారింది. "చేతులు మాత్రం రవ్వంత కురచ చెయ్యన్నా. ఒళ్లు అట్లే ఉండనీ." ఇంకొన్నాళ్లకు చేతులు కూడా ముట్టుకోవద్దన్నారు. ఫోన్లలో పాటలు చూసి, తమ ఒంటి మీద ఉన్నది హిప్‌హాప్ అని వాళ్లకు తెలిసిపోయింది. గతిలేక వేసుకున్న బట్టకు ఒక పేరు దొరికింది. ఆ పేరు దొరికాక వాళ్లు కొంచెం నిటారుగా నడవడం కుట్టుమిషను వెనక నుంచి చూశాను.

చూశాను గాని మెచ్చుకోలేదు. నా దుకాణం మసీదు మెట్లకు ఎదురుగా ఉంటుంది. అజాన్ మొదటి మాట వినపడగానే సూది ఎక్కడుంటే అక్కడ ఆపడం మా నాయన నేర్పిన పద్ధతి. చిన్నప్పుడు నన్ను తమిళనాడు వైపు ఒక మదరసాలో వేశారు. గ్రంథంలో సగం దాకా కంఠస్థం చేశాను. అంతలో నాయనకు చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చింది, నేను మిషను ముందుకు వచ్చాను. ఇప్పటికీ హజ్రత్ ఊళ్లో లేని పూట ముందు నిలబడి నమాజు చేయించేది నేనే. దీన్ని బయటి మనిషిగా రాయడం లేదని చెప్పడానికే ఇదంతా.

ఆ కుర్రవాళ్ల ప్యాంట్లు నాకు కష్టంగా ఉండేవి. మగవాడి బట్ట చీలమండ దిగి నేల మీద ఈడ్చుకుపోతే అది గర్వానికి గుర్తని మాకు నేర్పారు. "ఏమప్పా, గుడ్డ నేల మీద ఎందుకు?" అంటే, "ఊడ్చేవాళ్లు సరిగ్గా రావడం లేదు కదన్నా, మేమే ఊడుస్తా ఉండాం" అని నవ్వేవాళ్లు. ఆ ప్యాంటుతోనే శుక్రవారం జుమ్మా నమాజుకు వచ్చేవాళ్లు. నుదురు నేలకు ఆనించే వేళ నడుము దగ్గర ప్యాంటు దిగజారేది, చొక్కా పైకి పోయేది. వెనక వరసలో ఒక పెద్దాయన ఎప్పుడూ భుజం మీద తువ్వాలతో వచ్చేవాడు. నమాజు అయ్యేదాకా ఓపిక పట్టి, చివర రెండు భుజాల వైపూ సలాం తిప్పగానే ఆ తువ్వాలను ముందున్న కుర్రవాడి నడుము మీదికి విసిరేవాడు. "నాకు దేవుడు కనపడాల్రా, నీ వీపు కాదు!" మసీదంతా నవ్వు ఆపుకునేది.

నేనూ నవ్వాను. ఆ బట్ట నా ఇంటికి, అదీ నా కూతురి భుజాల మీద వస్తుందని అప్పుడు తెలియదు.

మాకు ఒక్కతే కూతురు. గ్రంథం ఓదడం, అంటే స్వరం తప్పకుండా పైకి చదవడం, నా దగ్గరే నేర్చుకుంది. అక్షరం ఎక్కడ గొంతులోంచి రావాలో, ఎక్కడ ముక్కులోంచి రావాలో నాకంటే బాగా పట్టింది. తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత వంటింటి గడప మీద కూర్చుని ఆమె ఓదుతుంటే వాళ్లమ్మ గిన్నెల చప్పుడు కూడా చేసేది కాదు. ఇంటర్ చదివేటప్పుడే మసీదు పై గదిలో ఆడపిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, పూలు కట్టేవాళ్ల పిల్లలు, పంక్చర్ షాపు వాళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. అంతకు ముందు ఆ గదిలో చిరిగిన చాపలు, చెడిపోయిన ఫ్యాన్లు ఉండేవి. ఆడపిల్లలు గ్రంథం చదవాలంటే ఇళ్లలో ఎవరైనా ముసలమ్మ దొరకాల్సిందే. అక్షరాలు నేర్పి, వాళ్లను గ్రంథం ముప్పై భాగాల్లో మొదటిదైన మొదటి పారా దాటించి, కొందరిని ఇంకా ముందుకు తీసుకుపోయింది. వాళ్లు ఆమెను ఆపా, అంటే అక్కా, అనేవాళ్లు.

డిగ్రీకి తిరుపతి కాలేజీలో సీటు వచ్చింది. రోజూ బస్సు. పోయేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడు నిలబడి. మూడో నెలలో ఒక సాయంత్రం నల్లబురఖా అంచు చినిగి, మోకాలు గీరుకుని వచ్చింది. ఫుట్‌బోర్డు దగ్గర అంచు ఎవరో తొక్కారు, బస్సు కదిలింది. కండక్టర్ విజిల్ వేయకపోతే ఏమయ్యేదో. ఇంకా వేరే సంగతులు కూడా ఉన్నాయని, బస్సులో చేతులు ఎక్కడెక్కడికి వస్తాయో తల్లికి మాత్రమే చెప్పింది. తల్లి నాకు చెప్పింది. నేను మిషను తొక్కుతూ విన్నాను.

తర్వాతి వారం ఒక బూడిదరంగు హుడీ తెచ్చింది. తిరుపతిలో అలాంటి కుప్పలోంచే కొన్నదట. గుండె మీద ఏదో అమెరికా బడి పేరు. తలమీదికి లాక్కునే టోపీ, పొట్ట దగ్గర సంచి లాంటి జేబు, మోకాళ్ల దాకా పొడుగు.

"అబ్బా, ఈ టోపీ స్కార్ఫ్ మీద నిలవడం లేదు. ముడి కాడికి వచ్చి ఎనక్కి జారిపోతా ఉండాది. కొంచెం సూడు."

వాళ్లమ్మ అంతకు ముందే నోరు చేసుకుంది. "మొగపిల్లోడి సొక్కా! నలుగురిలో నా బిడ్డ అని ఎట్ల సెప్పుకునేది?"

"సెప్పుకోవాల్సిన పని లేదుమ్మా. అదే కదా మంచిది. దీంట్లో ఉండేది ఎవరో ఎవరికీ తెలీదు. లావో, సన్నమో, ఆడో, మొగో. బస్సులో ఎవుడూ తిరిగి సూడడు."

నేను ఆ హుడీని బల్ల మీద పరిచి చేత్తో తడిమాను. మందమైన గుడ్డ, లోపల నూగు. ఒంటి గీత ఒక్కటి బయటికి తెలియదు. ఆడవాళ్ల బట్ట వదులుగా ఉండాలి, పలచగా ఉండకూడదు, తల కప్పాలి అని నేను చదువుకున్నాను. అవన్నీ ఇందులో ఉన్నాయి. దాంతోపాటు తెచ్చిన వెడల్పు ప్యాంటు నేల దాకా ఉంది. చీలమండ నియమం మగవాళ్లకు. ఆడవాళ్లకు పాదం కప్పేంత పొడుగే మేలు. ఏ ప్యాంటును ఆ కుర్రవాళ్ల కాళ్ల మీద తప్పు అన్నానో, అదే నా కూతురి కాళ్ల మీద ఆజ్ఞ పాటించినట్టు అయింది. ఆ మాట అంటే ఆమె పగలబడి నవ్వింది. "సూసినావా అబ్బా, హిప్‌హాప్ వాళ్లు మన కోసమే కుట్టినారు."

టోపీని విప్పేశాను. రెండు ముక్కలుగా ఉన్నదాన్ని మూడు ముక్కలు చేశాను. మెడ వెనక, సరిగ్గా జుట్టు ముడి వచ్చే చోట, లోపలికి తిరిగిన ఒక కుచ్చు వేశాను. స్కార్ఫ్ కింద ముడికి చోటు దొరికింది, టోపీ నుదుటి దగ్గర ఆగింది. మగవాళ్ల హుడీల్లో ఆ కుచ్చు ఉండదు, వాళ్లకు అవసరం లేదు. నాకు ఎవరూ నేర్పలేదు. నా కూతురి తల చూసి వేశాను.

ఆ పని చేస్తున్నప్పుడే ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆ బట్టల కథ చెప్పింది. న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఉండే పేటల్లో పుట్టాయట. అన్న బట్ట తమ్ముడికి దిగేది, వదులుగానే వేసుకునేవాళ్లు. నేల మీద గిరగిరా తిరిగి ఆడేవాళ్లకు వదులు బట్ట కావాలి, చలికి నిలబడాలంటే టోపీ కావాలి. కూలి పనికి వాడే బూట్లు, మందపు కోట్లు, అవే వాళ్ల పండగ బట్టలయ్యాయి. జైల్లో బెల్టు తీసేసుకుంటారు కాబట్టి ప్యాంటు జారే అలవాటు అక్కడిదని కొందరు అంటారట, కాదని కొందరు అంటారట.

"మనిషిని చిన్నగా సూస్తా ఉంటే పెద్ద బట్ట ఏసుకున్నారు అబ్బా. పోలీసు సూసినా, అంగడోడు సూసినా రవ్వంత పెద్దగా కనపడాలని."

"మెళ్లో ఆ గొలుసులెందుకు మరి?"

"మా దగ్గర కూడా ఉండాది అని సెప్పేదానికి. నువ్వు ఒప్పుకోవులే అవి." ఒప్పుకోనని ఆమెకు తెలుసు. ఆమె కూడా వేసుకోలేదు.

ఆ పేటల్లో కలిమా చదివి మన మతంలోకి వచ్చినవాళ్లు చాలామంది ఉండేవాళ్లని, ఆ పాటగాళ్లలో కొందరు సలాం చెప్పి పాట మొదలుపెడతారని, నెత్తిన మన టోపీలే పెట్టుకున్నారని ఆమె చెబితే నమ్మలేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. అక్కడ ఒక దర్జీ ఉండేవాడట. పెద్ద పెద్ద కంపెనీల షాపుల్లో నల్లవాళ్లను మర్యాదగా చూడని రోజుల్లో, ఆ కంపెనీల గుర్తులు వేసి తన పేటవాళ్లకు కోట్లు కుట్టాడట. కంపెనీలు కేసులు పెట్టి దుకాణం మూయించాయి. చాలా ఏళ్ల తర్వాత వాటిలో ఒకటి అతని కోటునే తన పేరుతో వేదిక మీదికి తెచ్చిందట.

"తర్వాత?"

"జనం తిట్టినారు. అప్పుడు పిలిచి పని ఇచ్చినారు."

"ఏదో ఒకటి, పిలిచినారు కదా" అన్నాను. అప్పుడు అది నాకు ఒక దూరదేశపు కథ.

పాఠానికి కూడా ఆమె ఆ బట్టలతోనే పోయేది. బస్సు దిగేసరికి సాయంత్రం అసర్ నమాజు వేళ దాటేది, ఇంటికి వచ్చి మార్చుకుని పోవడానికి టైము ఉండదు. కింద ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసి, స్కార్ఫ్ మీద టోపీ లాక్కుని, మెట్లెక్కేది. పాటల మీద ఇష్టం ఉన్నా ఓదడంలో తాళం గాని చిటిక గాని ఎన్నడూ కలపలేదు. ఆ హద్దు ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేదు. పిల్లలకు మాత్రం ఆ జేబు ఇష్టం. పాఠం తప్పు లేకుండా అప్పగించిన పిల్ల ఆ జేబులో చేయి పెట్టి తనంతట తానే చాక్లెట్టు తీసుకోవాలి.

ఒకనాడు మసీదు కమిటీ నుంచి పిలుపు వచ్చింది. అసర్ తర్వాత మసీదు వరండాలో కూర్చున్నాం. మా జమాత్ పెద్దను సదర్ సాబ్ అంటాం. బజారులో బురఖాల షోరూమ్ ఉంది. ఆయన పక్కన తువ్వాల పెద్దాయన, ఎదురుగా హజ్రత్.

"భాయ్, మీ పాప ఏసుకునేది ఏంది అది?" సదర్ సాబ్ మొదలుపెట్టాడు. "ఎనక నుంచి సూసి మొగపిల్లోడు అనుకుని, ఆడపిల్లల గదిలోకి ఏం పని అని కేకేసినాను. తిరిగితే మీ పాప! నేను సిగ్గుతో సచ్చిపోయినా."

"ఎనక నుంచి ఆడపిల్ల అని తెలియలేదు కదా సాబ్. బట్ట చేయాల్సిన పని అదే."

తువ్వాల పెద్దాయన గట్టిగా నవ్వాడు. "మాట మాత్రం బాగా కుడతాడప్పా ఈయన."

హజ్రత్ వైపు తిరిగాను. "హజ్రత్, మీరే చెప్పండి. వదులుగా ఉండాదా?"

"ఉండాది."

"పలచనా?"

"కాదు."

"తల కప్పిందా?"

"కప్పింది." ఆయన ఒకసారి సదర్ ముఖం చూశాడు. "కానీ భాయ్, మొగోళ్ల పోలిక కూడా ఆడోళ్లకు తగదు కదా. అదీ రాసి ఉండాది."

అది నిజమే. రాసి ఉంది, నేనూ చదివాను. ఏది పోలిక, ఏది కాదు అనేది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని పెద్దలు రాశారు, అదీ చదివాను. ఆ మాట అన్నాను. నల్లవాళ్ల పేటల్లో మన దీన్ వాళ్లే ఈ బట్టలు వేసుకున్నారని కూడా అన్నాను. సదర్ సాబ్ చేయి ఊపాడు.

"తైతక్కలాడేవాళ్ల కత మనకెందుకప్పా? ఆడబట్ట అని తెలిసేటట్టు ఏదన్నా చెయ్యి. మాకేం పగనా? పాప బాగా సెప్తా ఉండాది, పిల్లలు నేర్చుకుంటా ఉండారు. రవ్వంత ఆడబట్టలాగా చేసి పంపించు, సాలు."

మంచి మాటే అనిపించింది. జమాత్ ఒక మాట అంటే దానికి ఒంగడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. వరసలో భుజం భుజం కలిపి నిలబడేవాడు తన భుజం మాత్రమే చూసుకోకూడదు అని నేర్చుకున్నవాణ్ణి. ఆ రోజే అలమర పైనుంచి లేసుల డబ్బా దించాను. హుడీ టోపీ అంచుకు, చేతుల అంచులకు, కింద చుట్టూ గులాబీరంగు లేసు వేశాను. గుండె మీద ఉన్న అమెరికా పేరు విప్పేసి అక్కడ ఒక పువ్వు కుట్టాను. జేబు నోటికి సన్నటి సరిగ అంచు. పనితనానికి వంక పెట్టలేరు, పెళ్లిబట్టకు కూడా అంత సన్నంగా కుట్టను.

కూతురు దాన్ని రెండు చేతులతో పైకెత్తి చాలాసేపు చూసింది.

"అబ్బా... పెళ్లికూతురు దొంగతనానికి పోయేటట్టుండాది."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె అది వేసుకుంది. "సరేలే. పంక్చర్ షాపు వాళ్ల చిన్నదానికి మొదటి పారా ఇంకో పేజీలో అయిపోతాది. మధ్యలో ఇడిస్తే మొత్తం మర్సిపోతాది" అంది. పిల్లల కోసం వేసుకుంది. తనకు నచ్చిందని అబద్ధమాడలేదు.

పై గదిలో పిల్లలు ఆమెను చూసి చాపల మీద పడి దొర్లి నవ్వారట. ఆ నవ్వుకు కింద ఉన్నవాళ్లు పైకి వచ్చారు. సదర్ సాబ్ మెట్ల దగ్గరే ఆగి, కిందికి చూసి నన్ను పిలిచాడు. పోయాను.

"ఇదేంది భాయ్? ఇంతకుముందు ఎవురో అనుకునేవాళ్లం, ఇప్పుడు వీధి ఆ కొస నుంచి కనపడతా ఉండాది! గులాబీరంగు! అందరి సూపూ దీనిమీదే కదా పడేది."

"మీరే కదా సాబ్ ఆడబట్టలాగా చేయమన్నది."

"అలంకారం చేయమన్నానా?"

పువ్వు తీసేస్తాను, లేసు తీసేస్తాను అన్నాను. సదర్ సాబ్ కొంచెం ఆలోచించి, "వద్దు, మనలో మనకు మాటలొద్దు. బట్ట ఈడ పెట్టిపో. పెద్ద మదరసాకు పంపించి తీర్పు అడుగుతాం. వచ్చేదాకా పై గదికి తాళం" అన్నాడు. కూతురు లోపలికి పోయి, హుడీ తీసి, ఒక పిల్ల తల్లి దగ్గర దుప్పటా అడిగి కప్పుకుని, మడతపెట్టిన హుడీని నా చేతికి ఇచ్చింది. జేబులో మిగిలిన చాక్లెట్లు తీసి పిల్లలకు పంచింది. నేను ఆ బట్టను వాళ్ల చేతిలో పెట్టాను. దీన్ విషయంలో తీర్పు అడగడం మంచి పద్ధతే. అడిగితే న్యాయమే వస్తుందని నాకు నమ్మకం.

తీర్పు రాలేదు. నెలకోసారి అడిగాను. "పెద్దోళ్లకు శానా పనులు ఉంటాయి కదప్పా" అన్నారు. పిల్లల తల్లులు కొందరు దుకాణం ముందు ఆగి, "ఆపా ఎప్పుడు వస్తాది?" అని అడిగేవాళ్లు. ఇంటికి పంపించండి అంటే, కమిటీకి కోపమొస్తుందని భయపడ్డారు. ఇంకొకామెను పెట్టలేదా అంటే, ఉర్దూ వచ్చినామెకు ఓదడం రాదు, ఓదడం వచ్చినామెకు తీరిక లేదు. తాళం అలాగే ఉంది.

ఆ ఏడాది ఈద్ రోజు ఆడవాళ్ల వైపు నేను చూడను గాని, తెర పక్క నుంచి మెరుపులు మాత్రం కనపడ్డాయి. సదర్ సాబ్ షోరూమ్ నుంచి వచ్చిన దుబాయ్ మోడల్ బురఖాలు. నడుము దగ్గర పట్టి కుట్టిన కోత, చేతుల నిండా రాళ్లు, వీపు మీద నెమలి. ఒళ్లు ఎంతుందో కొలత తీసుకోకుండానే నేను చెప్పగలను. వాటి గురించి వరండాలో ఎవరూ కూర్చోలేదు.

రెండో రంజాన్‌కు ముందు, ఒక జుమ్మా రోజు, నమాజు అయ్యాక హజ్రత్ మైకు పట్టుకున్నాడు. చేతిలో కాగితం లేదు. "తలకు టోపీ ఉన్న వదులు బట్ట గురించి కొందరు అడిగినారు. పెద్దలను కనుక్కున్నాం. ఒళ్లు కప్పేటట్టు ఉంటే ఆడవాళ్లకు తప్పు లేదు" అన్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. పరుగున ఇంటికి పోయి భార్యకు చెప్పాను. కూతురు అప్పటికి బస్సు మానేసి తిరుపతిలోనే హాస్టల్లో ఉంది, ఫోన్ చేశాను. "అట్లనా" అంది.

ఆ వారమే షోరూమ్ అద్దంలో కొత్త బొమ్మలు నిలబడ్డాయి. నల్లటి బురఖా, దానికి హుడీ టోపీ, పొట్ట దగ్గర సంచి జేబు, జేబు నోటికి రాళ్లు. 'కొత్త మోడల్' అని అట్టమీద రాసి ఉంది. లోపలికి పోయాను. పనివాడు నన్ను గుర్తుపట్టక, "ఎవరికి సార్, పాపకా?" అన్నాడు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని టోపీ తిరగేశాను. మూడు ముక్కలు. మెడ వెనక, జుట్టు ముడి వచ్చే చోట, లోపలికి తిరిగిన కుచ్చు. కుచ్చు లోతు కూడా అంతే. నా కూతురి జుట్టు ఒత్తుగా ఉంటుంది కాబట్టి అంత లోతు వేశాను. ఆ బొమ్మకు జుట్టే లేదు.

సదర్ సాబ్ గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. "రా భాయ్, రా. టీ తాగుతావా?"

"ఇది యాడ కుట్టించినారు సాబ్?"

"బెంగుళూరు సరుకు."

"ఈ కుచ్చు?"

"కుచ్చు అందరూ ఏస్తారు కదప్పా." నా ముఖంలోకి చూడలేదు. తర్వాత మెత్తగా అన్నాడు: "నీకేమన్నా పని కావాలంటే సెప్పు. ఈడనే కుట్టిస్తాను నీ చేత, పండగ సరుకు. పాపను కూడా రమ్మను. పై గది తాళం తీయిస్తాను. ఇదో, ఇది పాపకు నా తరపున." అద్దం బొమ్మ మీద ఉన్నటువంటిదే ఒకటి కవర్‌లో పెట్టించాడు.

మా బట్ట ఏమైందని అడిగాను. ఎక్కడో ఉంటుంది, వెతికిస్తానన్నాడు. నాకు ఆ లేసు మీద ఆశ లేదు. తీర్పు అడిగారా అసలు అని అడుగుదామనుకున్నాను. జుమ్మా రోజు మైకులో చెప్పిన మాటను అబద్ధమా అని అడగడానికి నోరు రాలేదు. ఇప్పటికీ అడగలేదు. దేవుడి మాట సరుకు వచ్చేదాకా ఆగిందంటే, ఆపినవాళ్లు దానికి లెక్క చెప్పుకోవాలి. ఆ లెక్క అడిగే రోజు ఒకటి ఉందని నేను నమ్ముతాను. నమ్మకం లేకపోతే ఇంత చేదు ఉండేది కాదు.

కూతురు ఆదివారం వచ్చింది. కవర్ విప్పి, టోపీ తిరగేసి, నేను చూసిన చోటే చూసింది.

"సెప్పినా కదా అబ్బా ఆ దర్జీ కత."

"ఆయన్ను పిలిచి పని ఇచ్చినారు అన్నావు."

"నిన్నూ పిలిచినారు కదా." నవ్వలేదు. "ఏం చెప్పినావు?"

"ఏమీ చెప్పలేదు. పిల్లల సంగతి ఏమంటావు? తాళం తీస్తారంట."

ఆమె ఆ బురఖాను కుట్టు చెదరకుండా మడిచి కవర్‌లో పెట్టింది. "ఇది ఏసుకుని పోతే, ఇది ఏసుకోవాలని పిల్లలకు సెప్పినట్టు. ఏసుకోకుండా పోతే, ఆ పొద్దు నాది తప్పని ఒప్పుకున్నట్టు. నేను పోను అబ్బా. అల్లా ముందర నాకు ఏ బట్టా అడ్డం లేదు. ఆ మెట్ల మీద ఉండాది అడ్డం."

నేను వాదించగలిగేవాణ్ణి. ఓర్పు గురించి, జమాత్‌ను విడవకపోవడం గురించి నాకు తెలిసిన మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ నిజమే. వాటిని ఆమె ముందు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. కవర్ తీసుకుపోయి షోరూమ్ గల్లా మీద పెట్టి వచ్చాను. పండగ సరుకు కుట్టనని చెప్పాను. వేరే వాళ్లు కుట్టారు.

చదువు అయ్యాక ఆమెకు సూళ్లూరుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అక్కడే హాస్టల్. లోపల ఆడా మగా అందరికీ ఒకే నీలం కోటు, తలకు టోపీ. "ఈడ ఎవురూ ఏమీ అనరు" అని ఫోన్‌లో చెప్పింది. నమాజు వదల్లేదు, అడిగితే చెబుతుంది. ఇంటికి వచ్చినప్పుడు ఫజర్ తర్వాత వంటింటి గడప మీద కూర్చుంటుంది. పెదవులు కదులుతాయి. గొంతు వినపడదు. వాళ్లమ్మ అలవాటు కొద్దీ గిన్నెలు ముట్టుకోకుండా కాసేపు నిలబడి, తర్వాత పొయ్యి వెలిగిస్తుంది.

నేను ఐదు పూటలా మసీదుకు పోతూనే ఉన్నాను. అది దేవుడి ఇల్లు, వాళ్లది కాదు. సదర్ సాబ్ పక్కన చోటు వస్తే ఆ చోటులోనే నిలబడతాను, భుజం కలుపుతాను. వరసలో ఖాళీ వదలకూడదు.

పోయిన ఈద్ రోజు నమాజు అయ్యాక మెట్ల దగ్గర పిల్లలు గుంపుగా కనపడ్డారు. పొడుగయ్యారు. అందరి మీదా ఆ కొత్త మోడలే. హుడీ టోపీలు, రాళ్ల జేబులు. ఒక్కరి టోపీ కూడా జారడం లేదు, కుచ్చు బాగా నిలబెడుతోంది. పంక్చర్ షాపు వాళ్ల చిన్నది ముందుకొచ్చి సలాం చెప్పింది. మొదటి పారాకు ఒక్క పేజీ మిగిలినది ఆ పిల్లకే. పై గది తాళం తీశారని, ఇప్పుడు అందులో పండగ సరుకు మూటలు పెడుతున్నారని నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఎంతదాకా వచ్చినావు బిడ్డా?"

ఆ పిల్ల రెండు చేతులూ ఆ జేబులో పెట్టుకుని, నా వైపు కాకుండా నా దుకాణం వైపు చూస్తూ చెప్పింది.

"ఆపా ఆపిన కాడే ఉండాను, చాచా."